మా బిడ్డ దవడకు నేను చేసిన వైద్యం

ఏ కాలేజీ ఇవ్వని పట్టా ఒకటి నాకు నేనే ఇచ్చుకొని, ఏడు నెలల పాటు మా బిడ్డ దవడకు వైద్యం చేశాను. చివరికి ఆ పట్టాను కరీంనగర్‌లోని ఒక పళ్ల దవాఖానాలో, వరుస కుర్చీల్లో కూర్చున్న పదిమంది పేషెంట్ల ఎదుట, నా చేతులతో నేనే చింపుకోవలసి వచ్చింది. ఆ క్షణాన నా ముఖం ఎట్లా ఉందో నాకు తెలియదు. మా ఇంట్లో ఫోటోలు తీసేవాణ్ని నేనొక్కణ్నే కాబట్టి ఆ ఒక్క ఫోటో మిగలలేదు. మీరే ఊహించుకోండి. ఎంత అధ్వాన్నంగా ఊహించుకున్నా నేను అడ్డు చెప్పను.

నాకు బెల్లంపల్లిలో ఫోటో స్టూడియో ఉంది. మా బాపు పెట్టింది. ఆయన కాలంలో బొగ్గు గనిలో కొత్తగా చేరేవాళ్లు పాస్‌పోర్టు ఫోటోల కోసం స్టూడియో బయట బారులు తీరేవాళ్లట. నా చేతికి వచ్చేసరికి మెడలో దండ, భుజాన శాలువాతో రిటైరయ్యేవాళ్ల ఫోటోలే ఎక్కువ. ఏదైతేనేం, ఇరవై ఏళ్లుగా ముఖాలే నా పని. ఎవరి ఎడమ కన్ను చిన్నదో, ఎవరి ముక్కు కుడికి వంగిందో, ఎవరిని ఏ పక్క నుంచి తీస్తే బాగుంటుందో వాళ్లు కుర్చీలో కూర్చోకముందే చెప్పేస్తాను. ఇంత విద్య ఉన్నవాడికి ముఖం లోపలి ఎముకల సంగతి కూడా తెలిసే ఉంటుందని నా నమ్మకం. బస్సు అద్దాలు తుడిచేవాడు ఇంజను కూడా విప్పగలననుకోవడం లాంటి నమ్మకం అది. కానీ ఈ పోలిక నాకు ఇప్పుడు తట్టింది, అప్పుడు తట్టలేదు.

ఊరందరి ముఖాలూ తీసిన నా దగ్గర, కన్నబిడ్డ ఫోటో ఒక్కటీ సరైనది లేదు. మా లహరికి పై పళ్లు బాగా ముందుకు ఉండేవి. పెదవులు కలవాలంటే ప్రత్యేకంగా ప్రయత్నం చేయాలి. బళ్లో ఎవరో దానికొక పేరు పెట్టారు. ఆ పేరేమిటో మాకు చెప్పలేదు గానీ, ఆరో తరగతికి వచ్చేసరికి నవ్వొస్తే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం అలవాటు చేసుకుంది. నేను కెమెరా ఎత్తగానే ఆ చెయ్యి లేచేది. పుట్టినరోజు ఫోటోలో చెయ్యి, జెండా పండుగ ఫోటోలో చెయ్యి, ఆటల్లో కప్పు గెలిచిన రోజు ఒక చేతిలో కప్పు, నోటి మీద రెండో చెయ్యి.

ఒకరోజు నా భార్య భాగ్య ఆ ఫోటోలన్నీ మంచం మీద పరిచింది.

"గీ పిల్ల మొఖం ఎట్లుంటదో ఇంకో పదేండ్లకు మనమే మరిచిపోతం," అంది. "కరీంనగర్ల పండ్లను సరిచేసే డాక్టరమ్మ ఉన్నదట. సోమవారం పోదాం."

పోయాం. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నిదానంగా మాట్లాడుతుంది. లహరిని నిలబెట్టి ఎక్స్‌రే తీయించింది, పళ్ల అచ్చులు తీసుకుంది, పక్క నుంచి ఫోటో తీసుకుంది. ఆ ఫోటో తీసిన పద్ధతి నాకు నచ్చలేదు. వెలుతురు వెనక నుంచి పడుతోంది. మర్యాదకు ఊరుకున్నాను.

"అన్నా, ఈమెకు పండ్లొక్కటే ముందుకు రాలే," అంది డాక్టరమ్మ ఎక్స్‌రే చూపిస్తూ. "పై దవడ ముందుకు ఎదుగుతున్నది. కింది దవడ ఎనుకబడ్డది. పదకొండేండ్ల పిల్ల కాబట్టి ఇంకా ఎదిగే వయసు. గీ ఒకటి రెండేండ్లే మనకు పనికొచ్చే టైం. ఎదుగుడు అయిపోయినంక ఇంత సులువు కాదు."

తర్వాత ఒక నీలం డబ్బా తెరిచి ఆ వస్తువును చూపించింది. దాని పేరు హెడ్‌గేర్. రెండు తీగల వంపులు. లోపలి తీగ వెనక దంతాలకు తొడిగిన కడియాల్లోకి పోతుంది. బయటి తీగ చెంపల పక్క నుంచి వెనక్కి వచ్చి, మెడ వెనక మెత్తని పట్టీకి తగులుకుంటుంది. బడికి పెట్టుకొని పోనక్కరలేదు, ఆటల్లో అసలే వద్దు. బడి నుంచి వచ్చాక, పడుకున్నప్పుడు, మొత్తం రోజుకు పన్నెండు గంటలు పెట్టుకోవాలి.

లహరి చాలాసేపు దాన్నే చూసి, "దీంతోని నా మొఖం ఎదుగుడు ఆగిపోతదా?" అని అడిగింది.

"ఆగది బిడ్డా. పై దవడను జర నిమ్మళంగ నడువుమంటం. కింది దవడ దాని నడక అది నడుస్తనే ఉంటది. కొన్ని రోజులకు రెండు ఒక కాడ కలుస్తయి. కాని నువ్వు రోజు పెట్టుకుంటెనే. దవడలకు మతిమరుపు ఎక్కువ, రెండు రోజులు ఇడిచిపెడితె మొదటికొస్తయి."

లహరి తల ఊపింది. ఆ తల ఊపడంలో ఎంత పట్టుదల ఉందో చూసే కన్ను నాకు అప్పుడు లేదు. నేను పైన ట్యూబులైటు చూస్తూ, దాన్ని రెండడుగులు పక్కకు జరిపితే ఫోటోలు ఎంత బాగా వస్తాయో ఆలోచిస్తున్నాను.

రెండు వారాలు అంతా సవ్యంగా సాగింది. మూడో వారంలో, స్టూడియోలో గిరాకీ లేని మధ్యాహ్నం, నేను ఫోన్‌లో హెడ్‌గేర్ అని వెతికాను. అక్కడితో నా చదువు మొదలైంది.

మొదటి వీడియోలో నల్ల టీషర్టు వేసుకున్న ఒకాయన మైకు ముందు కూర్చొని, ఈ పట్టీ పిల్లల ముఖాన్ని వెనక్కి నెట్టేస్తుందన్నాడు. రెండో వీడియోలో అదే టీషర్టు మనిషి, ముఖం పళ్లెంలా చదునైపోతుందన్నాడు. మూడో దాంట్లో ఊపిరి, నిద్ర, చదువు, పెళ్లి అన్నీ పాడవుతాయన్నాడు. నాలుగో దాంట్లో మందు చెప్పాడు: నాలుకను అంగిలికి నొక్కి పెడితే చాలు, ఏ పట్టీ లేకుండా దవడలు వాటంతట అవే సర్దుకుంటాయి. సాయంత్రానికి నేను పద్దెనిమిది వీడియోలు చూశాను. డాక్టరమ్మ అయిదారేళ్లు చదివి ఉంటుంది. నేను మధ్యాహ్నం భోజనం నుంచి దీపాలు పెట్టేవేళ దాకా చదివాను. తేడా పెద్దగా కనిపించలేదు.

ఇంటికి వెళ్లి భాగ్యను కూర్చోబెట్టాను.

"గా పట్టీ తీసెయ్యాలె. మొఖం పళ్లెం లెక్క అయితదట."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఫోన్ల చెప్పిండు."

"ఫోన్ల ఎవరు?"

"పేరు చెప్పలే. కాని మస్తు ధైర్యంగ చెప్పిండు."

"డాక్టరమ్మకు ఫోన్ చేసి అడుగు మరి."

"ఆమెను అడిగితె మంచిదే అంటది. ఆమె పెట్టిందే గద."

"గాయన వీడియో గాయన పెట్టిందే గద," అంది భాగ్య.

మాట గట్టిగానే తగిలింది. ఫోన్ సౌండు పెంచాను. ఆ వారమంతా మా ఇంట్లో అన్నం తింటుంటే నల్ల టీషర్టు, చాయ్ తాగుతుంటే నల్ల టీషర్టు. భాగ్య ఎనిమిది రోజులు వాదించింది. తొమ్మిదో రోజు హఠాత్తుగా ఊరుకుంది. నా వాదనలో బలం ఆమెకు ఎక్కిందనుకున్నాను. పెళ్లయి పద్నాలుగేళ్లయినా భాగ్య ఊరుకోవడానికి, ఒప్పుకోవడానికి తేడా తెలియని మనిషిని నేను.

నీలం డబ్బాను బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా మొలతాడుకు కట్టుకున్నాను.

"బాపు, నాకు నొప్పి లేస్తలేదు. పెట్టుకుంట," అంది లహరి.

"నొప్పి లేకపోవుడే డేంజర్ అని చెప్పిండు బిడ్డా. వెనుక పండ్ల కడియాలు మాత్రం అట్లనే ఉండనీ, వాటిని మనం గెలుకద్దు. రేపటి సంది నాలుక ఎక్సర్‌సైజు."

లహరి నా వైపు అదోలా చూసింది. చిన్నపిల్లలు పెద్దవాళ్ల మీద జాలి పడినప్పుడు చూసే చూపు అది.

ఇక నా ఆసుపత్రి ఎట్లా నడిచిందో వినండి. నేను తొమ్మిదింటికి స్టూడియో మూసి ఇంటికి రాగానే లహరి చాప మీద సిద్ధంగా కూర్చొని ఉండేది. నాలుక అంగిలికి నొక్కి వంద అంకెలు. పెదవులు ముందుకు చాపి యాభై సార్లు, వెనక్కి లాగి యాభై సార్లు. దవడలు గట్టిపడాలని రోజూ ఒక చెరుకు గడ ముక్కలు కొట్టించి ఇంటికి పంపేవాణ్ని. పొద్దున చూస్తే పిప్పి మిగిలేది. శభాష్ అనుకునేవాణ్ని. ఒకరోజు ఎలా చేయాలో చూపించబోయి నా దవడే పట్టేసింది. అన్నం తినడానికి గంట పట్టింది. ఆ గంటసేపు భాగ్య, లహరి వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నారు. లోపల్నుంచి ఏవో చప్పుళ్లు వినిపించాయి. నా మీద బెంగతో ఏడుస్తున్నారనుకున్నాను.

వారానికి ఒకసారి తనిఖీ కూడా చేసేవాణ్ని. బీరువా తెరిచి నీలం డబ్బా చెవి దగ్గర పెట్టుకొని ఊపితే లోపల గలగలమనేది. ఉన్నదిలే అనుకొని తాళం వేసేవాణ్ని. మూత తీసి చూడాలని ఒక్కసారీ అనిపించలేదు.

ఒక్క పని మాత్రం నిజంగా శ్రద్ధగా చేశాను. ప్రతి ఆదివారం పొద్దున లహరిని స్టూడియోలో ఒకే గీత మీద నిలబెట్టి, ఒకే దూరం నుంచి, ఒకే వెలుతురులో పక్క నుంచి ఫోటో తీసేవాణ్ని. పని కాబట్టి, పక్క నుంచి కాబట్టి ఆ ఫోటోలకు చెయ్యి అడ్డం పెట్టేది కాదు.

ఇంతలో ఇంకో వింత. భాగ్యకు పుట్టింటి మీద ప్రేమ పెరిగిపోయింది. వాళ్ల అమ్మగారిది పెద్దపల్లి. నెలా నెలన్నరకోసారి లహరిని వెంటబెట్టుకొని పొద్దున పోయి సాయంత్రం వచ్చేది. ముసలావిడను చూసుకుంటున్నది కదా అని నేను సంతోషించాను. ఒకరోజు మా అత్తమ్మే నాకు ఫోన్ చేసింది.

"అల్లుడా, మా భాగ్యను జర పంపరాదు. దాన్ని చూడక ఏడాదైతున్నది."

"మొన్న బేస్తారమే వచ్చిపోయింది గదా అత్తమ్మా."

"ఏ బేస్తారం? ఎవరూ రాలే."

ఫోన్ పెట్టేసి భాగ్యతో మెల్లగా చెప్పాను. "మీ అవ్వకు మతిమరుపు సురువైనట్టున్నది. జర మంచి డాక్టరుకు చూపియ్యాలె."

భాగ్య దగ్గుతూ పెరట్లోకి వెళ్లింది. చాలాసేపు దగ్గింది.

అయిదో నెలలో అద్భుతం మొదలైంది. ఆదివారం ఫోటోలు వరుసగా పేర్చి చూస్తే నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. పై పెదవి మెల్లమెల్లగా సర్దుకుంటోంది. గడ్డం ముందుకొస్తోంది. పెదవులు వాటంతట అవే కలుస్తున్నాయి. ఏడో నెలకు పక్క నుంచి చూస్తే వేరే పిల్ల. నేను ఆ రోజు స్టూడియో షట్టరు సగం దించి, ఒక్కణ్నే ఆ ఫోటోల ముందు కూర్చున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి బిడ్డ కోసమా, నా తెలివి కోసమా అంటే, చెరిసగం అని ఒప్పుకుంటాను.

మొదటి ఫోటో, చివరి ఫోటో పక్కపక్కన పెట్టి పెద్ద ప్రింటు తీశాను. కింద ఎర్ర అక్షరాలతో రాశాను: పట్టీ లేదు, తీగ లేదు, నాలుక వ్యాయామమే మందు. ఫ్రేము కట్టించి స్టూడియో అద్దంలో పెట్టాను. రిటైర్మెంటు ఫోటోకు వచ్చినవాళ్లు కూడా ఆగి చూసేవాళ్లు. పళ్లన్నీ ఊడిన ఒక పెద్దమనిషి, "నాకు గూడ పనిచేస్తదా?" అని అడిగాడు. మొదలుపెట్టి చూడమన్నాను.

అంతటితో ఆగితే ఈ కథే లేదు. కానీ గెలిచినవాడికి ఓడినవాళ్ల ముఖం చూడాలనిపిస్తుంది.

"రేపు కరీంనగర్ పోతున్నం. గీ ఫ్రేము డాక్టరమ్మకు చూపియ్యాలె," అన్నాను.

తల్లీ కూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఎందుకు? ఇంట్లనే ఉండనీ," అంది భాగ్య.

"ఆమె చిన్నబోతదని నీకు ఫికర్. నేను మంచిమాటలతోనే చెప్త. రేపటి సంది ఆమె గూడ పిల్లలకు నాలుకే నేర్పుతది."

"ఇగో, చెప్తున్న, పరేషాన్ అయితవ్."

"పోనీ అమ్మా," అంది లహరి నిబ్బరంగా. "బాపును గూడ తీసుకపోదాం. ఎన్నడన్న ఒకనాడు తెలువాలె గద."

ఏం తెలియాలని నేను అడగలేదు. ఫ్రేముకు పాత చీర చుట్టే పనిలో ఉన్నాను.

మర్నాడు పదకొండింటికి దవాఖానాలో ఉన్నాం. డాక్టరమ్మ లోపల ఎవరికో పళ్లు చూస్తోంది. బయట పదిమంది దాకా కూర్చున్నారు. ఫ్రేమును ఒళ్లో నిలబెట్టుకొని కూర్చున్నాను, అందరికీ కనబడేట్టు. పక్క కుర్చీలో ఒకామె ఎనిమిదేళ్ల కూతురితో ఉంది. చాలాసేపు ఫ్రేము వైపు చూసింది.

"మీ బిడ్డనేనా అన్నా?" అని అడిగింది.

"నా బిడ్డే. గా బొమ్మ ఏడు నెలల కిందటిది. గీ బొమ్మ మొన్నటిది."

"మంచిగైంది. మాది జైనూర్. చీకటితోనే లేచి రెండు బస్సులు మారి వచ్చినం. మా పిల్లకు గూడ పట్టీ పెట్టాలన్నరు. ఇయ్యాల పెడతరట."

ఏడు నెలలుగా నేను ఎదురుచూసిన శ్రోత దొరికింది. లేచి నిలబడ్డాను.

"పెట్టనియ్యకు చెల్లె," అన్నాను, అందరికీ వినబడేట్టు. "గా పట్టీ మొఖాన్ని వెనుకకు గుంజుతది. పిల్లల మొఖం ఎదిగే టైముల ఎదుగనియ్యది. మా పిల్లకు మూడు నాలుగు వారాలు పెట్టి తీసేసిన. నాలుకతోని బాగుచేసిన. ఇగో, సాక్ష్యం నా చేతుల ఉన్నది."

నల్ల టీషర్టు మనిషి చెప్పిందంతా, ఆయన కంటే ధైర్యంగా, పది నిమిషాలు చెప్పాను. అందరూ వింటున్నారు. పళ్లసెట్టు చేతిరుమాల్లో పట్టుకున్న ఒక తాత అప్పుడే నాలుక అంగిలికి పెట్టి చూసుకుంటున్నాడు. జైనూరామె కూతురి ముఖం చూసింది, నా ఫ్రేము చూసింది, సంచి సర్దుకొని లేచింది.

"అయితే మేం పోతం అన్నా. ఒంటిగంట బస్సు దొరుకుతది. బిడ్డ మొఖం ఖరాబు చేసుకుంటమా."

కూతురి చెయ్యి పట్టుకొని తలుపు దాకా నడిచింది. నేను కుర్చీ వెనక్కి ఆనుకున్నాను. ఒక బిడ్డను కాపాడిన తృప్తి.

"ఆంటీ, పోకుండ్రి," అంది లహరి.

మా పిల్ల నలుగురిలో మాట్లాడేది కాదు. మాట్లాడినా చెయ్యి అడ్డం పెట్టుకొని మాట్లాడేది. ఇప్పుడు హాలు మధ్యలో రెండు చేతులూ కిందికి వదిలి నిలబడింది.

"మా బాపు తీసిన ఫోటోలు నిజమే. కింద రాసింది నిజం కాదు."

భుజాన వేలాడుతున్న సంచిలోంచి టిఫిన్ డబ్బా తీసింది. డబ్బాలోంచి మెడ పట్టీ, తీగలు తీసింది. అద్దం లేకుండా, తడుముకోకుండా, లోపలి తీగను వెనక పళ్ల కడియాల్లోకి జొనిపి, పట్టీని మెడ వెనక నుంచి తెచ్చి కొక్కేలకు తగిలించింది. నేను లెన్సు బిగించినంత సులువుగా బిగించింది. నూనె మరకలతో, చెమటతో ఆ పట్టీ రంగే మారిపోయింది.

"ఏడు నెలల సంది ఒక్కనాడు ఇడువలే," అంది. నోట్లో తీగ ఉండటంతో మాట కొంచెం ముద్దగా వచ్చింది. కానీ హాల్లో ఆఖరి కుర్చీ దాకా వినబడింది. "బడి నుంచి రాంగనే పెట్టుకుంట. తొమ్మిదింటికి బాపు వస్తడు, తీసేస్త. బాపు పండుకుంటడు, మళ్ల పెట్టుకుంట. పొద్దుగాల ఆరింటికి తీస్త. మీ పిల్లకు పెట్టియ్యుండ్రి ఆంటీ. ఏం కాదు. మొదటి నాలుగు రోజులే పండ్లు గుంజుతయి."

నేను భాగ్య వైపు తిరిగాను.

"అది బీరువల ఉన్నది గద. మొన్న డబ్బా ఊపిన. చప్పుడైంది."

"చెంచాలు," అంది భాగ్య.

"తాళంచెవి నా మొలతాడుకున్నది."

"బీరువ కొన్ననాడు రెండు ఇచ్చిండ్రు."

"మరి చెరుకు?"

"నేనే తిన్న. నా దవడలు చూడు ఎంత గట్టిపడ్డయో."

"పెద్దపల్లి?"

"పెద్దపల్లి బస్టాండ్ల దిగకుంటనే ఇటు వచ్చినం, అన్నిసార్లు."

అప్పుడు గుర్తొచ్చింది మా అత్తమ్మ. పాపం, మతి సరిగ్గానే ఉన్న ఆ ముసలమ్మ తలకు పరీక్షలు చేయించమని నేను ఊరంతా సలహాలు అడిగి ఉన్నాను.

ముందుగా తాత నవ్వాడు. పళ్లసెట్టు చేతిలోనే ఉంది కాబట్టి ఉత్త చిగుళ్లతో నవ్వాడు. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. చెంప వాచి మూలుగుతూ వచ్చిన ఒకాయన చెంప పట్టుకొని మరీ నవ్వాడు.

చప్పుడు విని డాక్టరమ్మ బయటికి వచ్చింది. నన్ను, ఫ్రేమును, పట్టీ పెట్టుకున్న లహరిని చూసింది. ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

"వచ్చిండ్రా అన్నా," అంది. "మీరు తాళం ఏసిన తెల్లారే మీ బిడ్డనే వాళ్ల అమ్మ ఫోన్ల నాతోని మాట్లాడింది. బాపు వద్దంటుండు, నాకేమో కావాలె, ఏం చేయాలె అని అడిగింది. బాపును తీసుకరా, నేను చెప్త అన్న. బాపు రాడు, వీడియోలు చూస్తుండు అన్నది. మరి అమ్మ ఒప్పుకున్నది కాబట్టి నడిపించినం. నేను రెండు మూడు సార్లు మీకు ఫోన్ చేసిన. మీరు ఎత్తలే."

చేసింది. పని మధ్యలో ఉన్నానని కట్ చేశాను. పని అంటే, వీడియో.

"మేడం, మరి గాయన చెప్పిందంత ఉత్తదేనా?" అని అడిగాను.

"అంత ఉత్తదని నేననను. గిది అందరి పిల్లలకు సరిపోదు. ఎక్స్‌రే తీసి, కొలిచి, ఎవరికి అక్కెర ఉన్నదో వాళ్లకే పెడతం. ఎవరికి ఎంత మారుతదో గూడ ముందుగాల ఒట్టేసి చెప్పలేం. మీకు అనుమానం వచ్చుడు తప్పు కాదు అన్నా. నన్ను అడుగకపోవుడు తప్పు." తర్వాత జైనూరామె వైపు తిరిగింది. "అమ్మా, ఇంకో సంగతి. మీ బిడ్డది ఉల్టా. ఈమెకు పై దవడే వెనుకబడ్డది. మీకు పెట్టేది మొఖం ముంగటికెళ్లి ఉండే పట్టీ. అది వెనుకకు గుంజది, ముందుకు గుంజుతది."

అంటే నేను, ముఖాన్ని ముందుకు తెచ్చే పట్టీ పెట్టుకుంటే ముఖం వెనక్కి పోతుందని ఒక తల్లిని పది నిమిషాలు భయపెట్టాను. ఇంకో అయిదు నిమిషాలైతే ఆమె బస్సెక్కేది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వు రాదు. దగ్గరకు వెళ్లి, "చెల్లె, నాది తప్పు. నా మాట పట్టుకోకు," అన్నాను. ఆమె సంచి మళ్లీ కుర్చీ కింద పెట్టింది.

ఈలోగా ఆమె కూతురు లహరి దగ్గరికి వచ్చి తీగను వేలితో ముట్టుకొని చూస్తోంది. "గిది పెట్టుకొని చాయ్ తాగొస్తదా?" అని అడిగింది. "నేనొకసారి తాగిన. డ్రెస్సే ఎక్కువ తాగింది," అంది లహరి. ఇద్దరూ నవ్వారు. నా కన్ను కెమెరా కన్ను కదా, లహరి చేతుల మీదికే పోయింది. ఆ చేతులు లేవలేదు. పదిమంది ఎదుట, ముఖానికి రెండు పక్కలా తీగలతో, నా బిడ్డ నోరారా నవ్వుతోంది. ఆ రోజు కెమెరా తేలేదు.

లోపల డాక్టరమ్మ కొత్త ఎక్స్‌రే పాతదాని పక్కన పెట్టి చూపించింది. రెండు దవడలూ దాదాపు కలిశాయి. ఇంకొన్ని నెలలు పెట్టుకుంటే, తర్వాత పళ్లకు మామూలు తీగలు చాలంది. అప్పుడు నేను సిగ్గుపడుతూ ఆదివారం ఫోటోల కవరు ఆమె చేతికిచ్చాను. ఒక్కొక్కటే బల్ల మీద పరిచింది. ఇరవై ఎనిమిది ఫోటోలు.

"అన్నా, ఇవి ఎవరు తీసిండ్రు?"

"నేనే మేడం."

"దూరం ఒక్క తీరు, వెలుతురు ఒక్క తీరు. పిల్ల మొఖం వారం వారం ఎట్ల ఎదిగిందో గింత సాఫ్‌గ నేను చదువుకున్న కాడ గూడ చూడలే. మీకు అభ్యంతరం లేకుంటె హాల్ల పెట్టుకుంట. కొత్తగొచ్చే పిల్లలు భయపడకుంట ఉంటరు."

హెడ్‌గేర్ పనికిరాదని నిరూపించడానికి ఏడు నెలలు కష్టపడి, అది పనిచేస్తుందనడానికి ఆ జిల్లాలో అందరికంటే మంచి సాక్ష్యం తయారు చేసింది నేనే. లహరిని అడిగాను. సరేనంది, ఒక షరతు మీద. ఫ్రేములోని నా ఎర్ర అక్షరాలు తీసేసి తను చెప్పింది రాయాలి. రాశాను: పన్నెండు గంటలు, ప్రతిరోజు. లహరి, ఏడో తరగతి.

బస్టాండులో భాగ్య నన్ను ఒక స్తంభం పక్కన నిలబెట్టింది. ఊరికే తప్పైందంటే కుదరదని, చెంపలు వేసుకొని ఒట్టు వేయాలని, అది వీడియో తీయాలని తీర్మానించింది. తీసింది లహరి. మొదటిసారి నా ముఖం మీద నీడ పడిందంది. రెండోసారి నేను నవ్వానంది. మూడోసారికి ఒప్పుకుంది. ఆ వీడియో మా చుట్టాలందరికీ, దవాఖానాలో నా నంబరు తీసుకున్న జైనూరామెకూ చేరింది. మా అత్తమ్మ అయితే రెండుసార్లు చూసి, నాకు ఫోన్ చేసి, "అల్లుడా, నా మతి ఎట్లున్నది?" అని మాత్రం అడిగి పెట్టేసింది.

నెల తర్వాత జైనూరామె ఫోన్ చేసింది. వాళ్ల పిల్ల పట్టీకి అలవాటు పడిందట, కానీ రోజూ సాయంత్రం ఆ వీడియో చూపిస్తేనే పెట్టుకుంటోందట. "మీరు చెంపలు ఏసుకునే కాడ నవ్వుతది అన్నా. గా నవ్వుల నోరు తెరుస్తది. అప్పుడు కొక్కేలు తగిలిస్త," అంది. నా జీవితంలో ఒక దవడకు నేను నిజంగా చేసిన వైద్యం అదొక్కటే, అది కూడా చెంపలు వేసుకొని.

ఆ ఒట్టును మీ ముందు ఇంకోసారి చెబుతున్నాను, నిలబడి, చెప్పులు విడిచి: ఈనాటి నుంచి నా ఇంట్లో గానీ, వీధిలో గానీ, బస్సులో పక్క సీటులో గానీ, ఎవరి పన్నూ, ఎవరి ఎముకా, ఎవరి కీలూ నా పరిధిలోకి రావు. ఫోటో తీయమంటే తీస్తాను. కింద ఏం రాయాలో మాత్రం, అందులో ఉన్నవాళ్లను అడిగే రాస్తాను.